బొట్టు బిళ్ల అంటించని దారి

కొత్తగా పోలీసు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు కూర్మన్నపాలెంలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మేడమ్, మీ సర్వీసులో పెద్ద కేసు ఏది?" అని అడుగుతారు. దొంగల ముఠాలు, తుపాకులు, జీపుల్లో వెంటాడటాలు వినాలని వాళ్ల ఆశ. నేను చెప్పేది విని కాస్త నీరుగారిపోతారు. నా పెద్ద కేసులో నేను చేసిందల్లా కుర్చీలోంచి లేచి ఒక కిలోమీటరు నడవడం. అది కూడా ఆ స్టేషనుకు వచ్చిన పదకొండేళ్లకు నడిచాను.

దువ్వాడ దాటాక కాలేజీలు వరసగా మొలిచిన ఒక పేట అది. పేరు చెప్పను, నాకు అక్కడ ఇంకా తెలిసినవాళ్లున్నారు. ఊళ్లో సొంత జనం కంటే చదువుకునే పిల్లలే ఎక్కువ. హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు, సాయంత్రం నూడుల్స్ బళ్లు. సెలవులిస్తే మాత్రం ఊరు ఊరంతా నిద్రపోయేది. అప్పుడు స్టేషన్లో కూర్చుంటే లైను మీద గూడ్సు బండి పోతున్న చప్పుడు, జీడితోటల్లో గాలి, అంతకు మించి ఏమీ వినిపించేది కాదు. ఆ రోజుల్లో నాకు ఫ్యాను కింద కళ్లు మూసుకుపోయేవి. కునుకులో కూడా పేజీలు తిప్పుతున్నట్టే ఉండేది.

నేను స్టేషన్ రైటర్ని. అంటే స్టేషన్లోకి వచ్చే ప్రతి కాగితమూ, బయటికి పోయే ప్రతి కాగితమూ నా చేతి మీదుగానే. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని పెద్ద ఆఫీసుల్లో కూడా చెప్పుకునేవారు. దాంతో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు. నా బల్లకు ఎదురుగా గోడ మీద మా ఏరియా మ్యాపు ఉండేది. ఎక్కడ ఏ నేరం జరిగితే అక్కడ రంగు చుక్క పెట్టాలి. పై నుంచి ఆ చుక్కలు ఎప్పుడూ రాలేదు. నేనే గాజువాక మార్కెట్లో స్టిక్కర్ బొట్టు బిళ్లలు కొనుక్కొచ్చాను. దొంగతనానికి నల్లవి, కొట్లాటకు మెరూన్‌వి, ఆడవాళ్ల మీద జరిగినవాటికి ఎర్రవి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసర్లు చూసి నవ్వి, తర్వాత మెచ్చుకునేవారు.

ఆ మ్యాపులో ఒక్కచోట ఏ బిళ్లా ఉండేది కాదు. రైల్వే స్టేషన్ నుంచి కాలేజీలకు రెండు దారులున్నాయి. ఒకటి లారీలు తిరిగే మెయిన్ రోడ్డు, చుట్టు. రెండోది మూతపడ్డ గోడౌన్ల ప్రహరీ వెంబడి పోయే మట్టి దారి. ఒక పక్క గోడ, ఇంకో పక్క జీడితోట. అందరూ దాన్ని గోడ దారి అనేవారు. అటు నుంచి వెళితే ఇరవై నిమిషాలు కలిసివస్తాయి. మధ్యాహ్నం వేళ కునుకు పట్టే ముందు నేను ఆ తెల్లటి చారనే చూసేదాన్ని. చుట్టూ చుక్కలున్నా ఆ ఒక్క దారి మాత్రం కడిగి ఆరేసినట్టుండేది. అక్కడ చల్లగా ఉంటుందనీ, చెప్పులు విప్పి నడవొచ్చనీ ఏవేవో ఊహించుకునేదాన్ని. అటు ఎప్పుడూ వెళ్లలేదు.

నెలకోసారి పై ఆఫీసులో క్రైమ్ మీటింగ్ జరుగుతుంది. ఏ స్టేషన్లో ఎన్ని కేసులు, పెరిగాయా, తగ్గాయా అని లెక్క. పెరిగితే ఎస్సైకి అక్షింతలు. మా స్టేషన్ కాగితంలో మహిళల మీద దాడులు అన్న గడిలో నేను చాలా నెలలు 'నిల్' అని రాశాను. గుండ్రంగా, అందంగా రాశాను. కాలేజీల వాళ్లు తమ పుస్తకాల్లో 'అత్యంత సురక్షితమైన ప్రాంగణం' అని వేసుకునేది ఆ నిల్‌ని చూసుకునే.

మరి ఎవరూ రాలేదా అంటే వచ్చేవారు. ఎవరో ఒక అమ్మాయి, పక్కన ఇంకో స్నేహితురాలు, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నా బల్ల ముందు నిలబడేవారు. గోడ దారిలో ఎవడో వెంటపడ్డాడనో, చెయ్యి పట్టుకున్నాడనో చెప్పేవారు. నేను మంచినీళ్లిచ్చేదాన్ని. "కేసంటే మీ నాన్నకి కబురెల్తాది, పేపరోళ్లు రాస్తారు, సదువు మాన్పించేస్తారు. ఎందుకొచ్చిన గొడవ? ఆ దారంట ఎల్లకమ్మా" అనేదాన్ని. వాళ్లు తలూపి వెళ్లిపోయేవారు. నేను పిటిషన్ రిజిస్టర్లో 'కౌన్సెలింగ్ చేసి పంపడమైనది' అని రాసి గీత కొట్టేదాన్ని. ప్రమాణం చేసి చెబుతున్నాను, ఆ పిల్లల్ని కాపాడుతున్నాననే అనుకునేదాన్ని. ఇంటికెళ్లి నిశ్చింతగా అన్నం తినేదాన్ని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. బీటు తిరిగే కానిస్టేబుల్ నిజంగా తిరిగాడో లేదో తెలియడానికి దారిలో ఒకచోట పాయింట్ బుక్ అని పొడుగాటి నోటుపుస్తకం ఉంచుతారు. వెళ్లినవాళ్లు టైము వేసి అందులో సంతకం పెట్టాలి. గోడ దారి పుస్తకం ఆ గోడౌన్ల వాచ్‌మన్ దగ్గర ఉండేది. నలభై దాటినవాడు, చాలా మర్యాదస్తుడు. మావాళ్లు ఎండలో అంత దూరం నడవడం ఎందుకని, తనే పుస్తకం సంకలో పెట్టుకుని దారి మొదట్లో ఉన్న టీ కొట్టుకి తెచ్చేవాడు. మావాళ్లు టీ తాగుతూ సంతకాలు పెట్టేవారు. నెలాఖరున ఆ పుస్తకం నా బల్ల మీదికి వచ్చేది. సంతకాలన్నీ ఉన్నాయని టిక్కు పెట్టేదాన్ని. "ఆడు దేవుడు సెల్లీ" అనేవాడు మా పెద్ద హెడ్ కానిస్టేబుల్. ఆయన మోకాళ్లు అరిగిపోయినవి, అందుకని ఆయనకు మరీ దేవుడు.

రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉందనగా, ఒక కాలేజీలో భద్రత మీద అవగాహన సభ పెట్టారు. గోదావరి జిల్లా నుంచి కొత్తగా వచ్చిన కుర్ర ఎస్సై గారు, "మేడమ్, మీరెళ్లండి. మీరు మాట్లాడితే పిల్లలు వింటారండి" అని నన్ను పంపారు. నేను మ్యాపు చుట్టి పట్టుకుపోయాను, మన ఏరియా ఎంత భద్రంగా ఉందో చూపించి చప్పట్లు కొట్టించుకుందామని.

అక్కడ ఒక లెక్చరర్ ఉన్నారు, జాగ్రఫీ చెప్పే ఆవిడ. నా మ్యాపు చూసి, "ఒక పని చేద్దామా?" అన్నారు. తన దగ్గరున్న చుక్కల్లేని ఖాళీ మ్యాపును జిరాక్స్ తీయించి అమ్మాయిలందరికీ తలా ఒకటి పంచారు. "మీరు రోజూ రైల్వే స్టేషన్ నుంచీ, బస్టాపు నుంచీ కాలేజీకి ఏ దారిన వస్తారో పెన్సిల్‌తో గీయండి" అన్నారు.

అది డిసెంబరు. బయట ఇంకా మంచు విడలేదు. కిటికీలన్నీ పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. హాలులో ఎవరూ మాట్లాడటం లేదు. వందలాది పెన్సిళ్లు కాగితం మీద గీస్తున్న చప్పుడు ఒక్కటే. చిన్నప్పుడు మా ఊళ్లో తుంపర పడుతుంటే వరండాలో పడుకుని వినే చప్పుడు అది. నాకు హాయిగా కునుకు పట్టేలా ఉంది.

కాగితాలు తిరిగొచ్చాక ఒక్కొక్కటీ బల్ల మీద పరిచాం. గీతలన్నీ మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వచ్చాయి. గోడ దారి దగ్గరికి వచ్చేసరికి ప్రతి గీతా పక్కకు వంగింది. లెక్చరర్ అడిగారు, "దగ్గర దారి కదమ్మా, ఎందుకు వెళ్లరు?"

ముందు వరసలో అమ్మాయి లేచింది. "సీనియర్లు సెప్పారు మేడమ్, అటెల్లొద్దని."

"సీనియర్లకి ఎవరు చెప్పారు?"

"ఆల్ల సీనియర్లు. ఎప్పుడో పోలీస్ టేసన్లో ఒక మేడమ్ సెప్పిందంట."

హాల్లో ఎవరూ నా వైపు చూడలేదు. ఆ మేడమ్ నేనేనని వాళ్లకు తెలియదు. నేను మాత్రం చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. నేరం లేక కాదు, ఆడపిల్లలు లేక ఆ దారి తెల్లగా ఉంది. తరిమేసింది నేను. పదకొండేళ్లుగా ఒక్క వాక్యంతో, బ్యాచి తర్వాత బ్యాచిని.

ఒక కాగితంలో మాత్రం గీత వంగలేదు. గోడ దారిలోంచి తిన్నగా పోయింది. వణుకుతూ, ఒత్తి ఒత్తి గీసినట్టుంది. ఎవరిదని చూస్తే వెనక వరసలో డిగ్రీ రెండో ఏడు అమ్మాయి. కుడి మణికట్టుకు కట్టు ఉంది. ఎడమ చేత్తో గీసింది. సభ అయ్యాక పక్కకు పిలిచాను.

"ఏటమ్మా, నువ్వొక్కర్తివీ అటెల్తన్నావా? బయ్యం నేదా?"

"బయ్యమే. గానీ పొద్దున మెస్సులో వంటకి సాయం సేత్తాను, ఫీజు కోసం. ట్రైను దిగి సుట్టు తిరిగితే ఆల్లు పనిలోంచి తీసేత్తారు."

"సేతికేటైంది?"

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం కాదు. ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టినట్టు చూసింది.

"పోయిన నెల మీ దగ్గరికే వొచ్చాను మేడమ్. ఒకడు ఎంటబడతన్నాడని సెప్పాను. నీల్లిచ్చారు. అటెల్లకన్నారు." కట్టు మీద వేళ్లు పెట్టుకుంది. "నాలుగు రోజుల కిందట గోడకేసి నొక్కీసి సెయ్యి మెలిపెట్టేసాడు. నాను అరిసి, కొరికి పారిపోనాను. ఎముక సిట్లింది. ఇంట్లో పడిపోనానని సెప్పాను."

నాకు ఆ ముఖం గుర్తు రాలేదు. నెల కూడా కాలేదు, గుర్తు రాలేదు. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"ఎలాగుంటాడు?" అన్నాను.

"మంచోడిలాగే ఉంటాడు. ఎప్పుడూ సంకలో పొడుగాటి పుస్తకం ఉంటాది. సదువుకున్నోడేమో అనుకునేదాన్ని."

ఇప్పుడు వింటున్న మీకు వెంటనే తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియలేదు. తెలుసుకోవడం ఇష్టం లేకపోయిందేమో. కాలేజీ గేటు దాటి, ఎవరికీ చెప్పకుండా గోడ దారి వైపు తిరిగాను.

మంచులో గోడ ఎక్కడ మొదలైందో, తోట ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. జీడాకులు తడిసి మెత్తగా కాళ్ల కింద పడుతున్నాయి. ఎక్కడో కోకిల తొందరపడి కూసింది. ప్రహరీ మీద పాత సిమెంటు కంపెనీ అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి. నా అడుగుల చప్పుడు నాకే వేరెవరివో అనిపించింది. ఎంత బాగుందో ఆ దారి! కునుకుల్లో నేను ఊహించుకున్నట్టే ఉంది, చల్లగా, చెప్పులు విప్పి నడవొచ్చు అన్నట్టు. పొద్దున్నే నలుగురు అమ్మాయిలు కబుర్లు చెప్పుకుంటూ నడవాల్సిన దారి. నాకు ఏడుపొచ్చింది.

సగం దూరం వెళ్లేసరికి మంచులోంచి ఒక మనిషి ఎదురొచ్చాడు. మా వాచ్‌మన్. "నమస్తే మేడమ్, మీకెందుకీ శ్రమ? నేనే తెచ్చేవాణ్ణి కదా" అంటూ సంకలోంచి పుస్తకం తీసి, పెన్ను విప్పి నా చేతిలో పెట్టాడు. ముంజేతి మీద ఒక గుడ్డపీలిక కట్టి ఉంది.

చేతికి ఉన్న అలవాటు ఎలాంటిదో చూడండి. నేను టైము వేసి సంతకం పెట్టాను. పెట్టాక పుస్తకం వైపు చూశాను, గుడ్డపీలిక వైపు చూశాను. ఆ పుస్తకం వాడి దగ్గర ఉన్నంత కాలం పోలీసులు ఎప్పుడు వస్తారో, ఎప్పుడు రారో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మేమే ఇచ్చాం. నేనే టిక్కులు పెట్టాను. "వస్తానయ్యా" అని వెనక్కి తిరిగి, పరిగెత్తకుండా, స్టేషను దాకా నడిచాను.

ఎస్సై గారు మర్నాటి క్రైమ్ మీటింగుకు కాగితాలు సర్దుకుంటున్నారు. విషయం చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. "ఈ నెల నిల్ అని వెళ్లిపోయిందండి మేడమ్. పైగా మన పాయింట్ బుక్ అంటే మన మెడకే చుట్టుకుంటుంది కదండీ. వాణ్ణి పిలిచి నాలుగు తగిలించి ఊరు దాటిద్దాం."

చెడ్డవాడు కాడాయన. కొత్తగా వచ్చినవాడు, భయపడ్డాడు. నేను పాత పిటిషన్ రిజిస్టర్లు తెచ్చి ఆయన ముందు పెట్టి, నా ముత్యాల దస్తూరి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. గోడ దారి, కౌన్సెలింగ్ చేసి పంపడమైనది. గోడ దారి, కౌన్సెలింగ్ చేసి పంపడమైనది. రెండో పుస్తకం సగానికి వచ్చాను. హెడ్ కానిస్టేబుల్ కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. "ఆపండి మేడమ్" అన్నారు ఎస్సై గారు. "ఆ అమ్మాయిని పిలవండి. రాద్దాం. నా సంగతి నేను చూసుకుంటాను."

అంతా ఆ అమ్మాయి చేతిలో ఉంది. కబురు పెడితే రాలేదు. కాలేజీకెళితే, "నాన్నకి తెలిత్తే సదువు ఆపేత్తాడు, మీరే సెప్పారు కదా" అంది. వాడు పారిపోకుండా టీ కొట్టు దగ్గర మఫ్టీలో ఇద్దర్ని పెట్టి మూడు రోజులు ఎదురుచూశాం.

ఆ తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నాకు వేరేచోట ఆపాలని ఉంది. వాడు దొరికాడు, శిక్ష పడింది. పాయింట్ బుక్ విషయంలో మా అందరికీ మెమోలొచ్చాయి. నాకు ఒక ఇంక్రిమెంటు పోయింది, పోవాల్సిందే. ఆ సంగతి తెలిసి పాత అమ్మాయిలు, కొత్త అమ్మాయిలు వచ్చి చెప్పుకున్నారు, అన్నీ రాశాం. ఏడాది తిరిగేసరికి జిల్లాలో నేరాలు బాగా పెరిగిన చోటు అని మా పేటకు పేరొచ్చింది. కాలేజీల వాళ్లు మా మీద మండిపడ్డారు. తల్లిదండ్రులు పేపరు పట్టుకుని కంగారుపడ్డారు. నా మ్యాపులో గోడ దారి నిండా ఎర్ర బిళ్లలే, ఒక ప్యాకెట్టు అయిపోయింది. ఆ ఏడాదే అమ్మాయిలు ఆ దారిన నడవడం మొదలుపెట్టారు. అందుకే పిల్లలూ, ఎవరైనా ఒక ఊరు లెక్క చూపించి ఇది భద్రమైన ఊరంటే, ఎవరు రాశారు, ఎవర్ని వెనక్కి పంపి రాశారు అని అడగండి.

ఇక మూడో రోజు. మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. పక్కన వాళ్ల నాన్న. విజయనగరం వైపు పల్లెలో సెంటు భూమి కూడా మిగలక, స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి వస్తున్న మనిషి. చొక్కా మీద ఎర్ర మట్టి దుమ్ము. రాత్రంతా ఆలోచించి కూతురే ఆయనకు చెప్పేసిందట. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నా బల్ల మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. ఆయన కేసు పెట్టిస్తాడో, పిల్లను ఊరికి తీసుకుపోతాడో మాకెవరికీ తెలియదు. పిల్లకు కూడా తెలియదు, ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది.

"మేడమ్, ఒక్క మాట అడుగుతాను. నిజం సెప్పాల" అన్నాడు. "మా పిల్ల ముందోపాలి వొచ్చింది కదా. అప్పుడే మీరు రాసుంటే, దాని సెయ్యి బాగుండునా?"

ఎస్సై గారు తలెత్తి నా వైపు చూశారు. హెడ్ కానిస్టేబుల్ దగ్గాడు. ఆయన ఎందుకు దగ్గాడో నాకు తెలుసు. మేమెవరం అలాంటి ప్రశ్నకు జవాబు చెప్పం. విచారణలో తేలుతుందంటాం, కూర్చోండంటాం, నీళ్లిస్తాం. నా చెయ్యి అప్పటికే నీళ్ల సీసా మీద ఉంది. తీసేశాను.

"బాగుండునండి" అన్నాను. "తప్పు నాది. నాను రాయనేదు."

ఆయన నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన కుర్చీ లాగి కూతుర్ని కూర్చోబెట్టాడు. నేను కొత్త కాగితం తీసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. చదివి వినిపించాను. సంతకం దగ్గరికొచ్చేసరికి హెడ్ కానిస్టేబుల్ ఆమె కట్టు చూసి జాలిపడి ఇంకు ప్యాడు తెచ్చాడు.

"ఏలిముద్ర ఎయ్యను" అంది ఆ అమ్మాయి. "నాను డిగ్రీ సదువుతన్నాను."

ఎడమ చేత్తో పెన్ను అందుకుంది. మొదటి అక్షరం వంకరపోయింది. ఆగి, నాన్న వైపు చూసింది.

"రాయమ్మా" అన్నాడాయన. "నెమ్మదిగానే రాయి. ఎవులూ తొందరపెట్టరు."

పేరు పెద్దదే. ఆమె పూర్తిగా రాసేదాకా కాగితం జారకుండా రెండు మూలలూ నేను పట్టుకున్నాను.